ఎమర్జెన్సీ వార్డులో పరిశోధన – నాలుగో పాఠం: కేస్‌షీట్‌లో ఖాళీ గడి

పోయిన పాఠంలో మన ప్రశ్నని వడగట్టి వడగట్టి ఒక్క వాక్యంలోకి తెచ్చాం. "మా ఏరియా ఆసుపత్రికి పాముకాటుతో వచ్చినవాళ్లకి, గుమ్మం దాటిన దగ్గర్నుంచి మొదటి ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) ఎక్కడం మొదలయ్యేదాకా ఎంతసేపు పడుతోంది?" చూడ్డానికి చిన్న ప్రశ్నే. వచ్చిన టైము ఒకటి, మందు మొదలైన టైము ఒకటి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే జవాబు వచ్చేస్తుంది. నేనూ ఇలాగే అనుకుని, పీజీ చేస్తున్న రోజుల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం రికార్డు రూములో కూర్చున్నాను. సాయంత్రానికి తేల్చేద్దామనుకున్న పని మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో తిన్న దెబ్బలే ఈ పాఠం.

మధ్యలో వచ్చి చేరినవాళ్లకి ఒక మాట. ఇది హౌస్ సర్జన్లకి, స్టాఫ్ నర్సులకి, ఇప్పుడిప్పుడే పీజీలో చేరినవాళ్లకి. కంప్యూటర్ లేకపోయినా నడుస్తుంది. ఒక పొడుగాటి నోటు పుస్తకం, పెన్సిలు, పాత క్యాజువాలిటీ రిజిస్టరు, ఓ పాతిక కేస్‌షీట్లు చాలు. పెన్సిలే ఎందుకంటే, ఈ పాఠం అయ్యేలోపు మీరు గడుల పేర్లు కనీసం రెండుసార్లు చెరిపి మళ్లీ రాస్తారు.

గుమ్మం ఎక్కడుంది?

రోగి వచ్చిన టైము నిజానికి నాలుగైదు చోట్ల రాసి ఉంటుంది. 108లో వస్తే అంబులెన్స్ కాగితం మీద ఒకటి, కౌంటర్లో ఇచ్చే ఓపీ చీటీ మీద ఒకటి, క్యాజువాలిటీ రిజిస్టరులో ఒకటి, డ్యూటీ డాక్టర్ కేస్‌షీట్ మొదలుపెడుతూ రాసేది ఒకటి. చాలాచోట్ల పాముకాటుని మెడికో లీగల్ కేసుగా రాస్తారు కాబట్టి ఆ పుస్తకంలో ఇంకొకటి. ఈ ఐదూ కలిసిన రోజు నాకైతే తారసపడలేదు.

పది నిమిషాల తేడాకి ఇంత గొడవెందుకు అనిపించవచ్చు. తేడా అందరికీ ఒకే వైపు ఉంటే నిజంగానే గొడవ లేదు. కానీ నడిచొచ్చిన మనిషి ముందు కౌంటర్ దగ్గర చీటీ తీసుకుని, ఆ తర్వాత లోపలికి వస్తాడు. అతని చీటీ మీద టైము దాదాపు నిజం. కళ్లు మూతలు పడుతున్న మనిషిని నలుగురూ మోసుకుని నేరుగా లోపలికి తెస్తారు. మందు మొదలయ్యాక, గొడవ సద్దుమణిగాక, బావమరిది వెళ్లి చీటీ రాయించుకొస్తాడు. చీటీని నమ్మి లెక్క కడితే, ఎవరి ప్రాణం మీదకి వచ్చిందో వాళ్లకే మన ఆసుపత్రి మెరుపులా పనిచేసినట్టు కనిపిస్తుంది. ఉన్న తేడా అంతా ఒకే వైపుకి, ఎక్కువ జబ్బున్నవాళ్ల వైపుకి వాలిపోతుంది.

నా మొదటి విడతలో కొన్ని కేస్‌షీట్లకి మైనస్ వచ్చింది. ఒక కుర్రాడికైతే మైనస్ 12 నిమిషాలు. అంటే ఆసుపత్రికి రాకముందే మందు ఎక్కడం మొదలైందన్నమాట! తప్పుగా రాశారులే అని ఆ వరసలన్నీ కొట్టిపారేశాను. మర్నాడు వార్డులో టీ తాగుతూ ఈ సంగతి చెప్పి నవ్వితే, మా హెడ్ సిస్టర్ నవ్వలేదు.

"అవి తప్పులు కాదండి డాక్టర్ గారూ. ఆ పిల్లోడికి మెడ వాలిపోతుంటే చీటీ కోసం ఎవరాగుతారండి? ముందు మందెట్టేశాం. వాళ్ల మావయ్య తర్వాతెళ్లి చీటీ రాయించుకొచ్చాడు."

నేను చెత్త అని కొట్టేసిన వరసలు ఆ వార్డులో అందరికంటే ప్రమాదంలో ఉన్నవాళ్లవి, అందరికంటే తొందరగా వైద్యం అందినవాళ్లవి. వాళ్లని తీసేశాక మిగిలిన కాగితాల మీద ఎంత గొప్ప లెక్క కట్టినా అది మా వార్డు కథ కాదు. కొట్టేసిన వరసలన్నీ ఆ సాయంత్రమే మళ్లీ రాసుకున్నాను.

అప్పట్నుంచి నేను పాటించే పద్ధతి ఇది. ఎన్నిచోట్ల టైము దొరికితే అన్నీ నోటు పుస్తకంలో దించుతాను. వాటిలో అన్నిటికంటే ముందున్నదాన్ని రాక సమయంగా తీసుకుంటాను. ఆ టైము ఏ కాగితంలోంచి వచ్చిందో పక్క గడిలో రాస్తాను. 108 కాగితంలో మాత్రం ఒక జాగ్రత్త ఉంది. అందులో కాల్ వచ్చిన టైము, బండి సంఘటన చోటికి చేరిన టైము, ఆసుపత్రికి చేరిన టైము వేరువేరుగా ఉంటాయి. మనకి కావలసింది ఆఖరిది.

గోడ గడియారాల సంగతి కూడా చూడాలి. కౌంటర్లో కంప్యూటర్ టైము, క్యాజువాలిటీ గోడ గడియారం, సిస్టర్ చేతి వాచీ, మీ ఫోను, నాలుగూ ఒకేసారి చూసి తేడాలు రాసుకోండి. మేము చూసిన రోజున మా గోడ గడియారం ఏడు నిమిషాలు ముందుంది. డ్యూటీ మారేటప్పుడు తొందరగా ఇంటికెళ్లడానికి ఎవరో తిప్పి ఉంటారని మా వాళ్ల అనుమానం. పాత రికార్డుల్లో ఈ తేడాని సరిచేయలేం. కొత్తగా మొదలుపెట్టే లెక్కకి మాత్రం రోజూ పొద్దున్నే గడియారాలు కలపడం ఎవరో ఒకరి పని కావాలి.

మందు మొదలైన టైములోనూ ఇదే చిక్కు ఉంది. డాక్టర్ ఆర్డర్ రాసింది ఒక టైము, స్టోరు నుంచి వయల్స్ వచ్చింది ఒకటి, చుక్క పడడం మొదలైంది ఒకటి. పొడి రూపంలో ఉన్న ఏఎస్‌వీని నీళ్లలో కలిపేటప్పుడు నురగ రాకుండా నెమ్మదిగా తిప్పాలి, గట్టిగా కుదపకూడదు. పది వయల్స్ అలా కలపడానికి పట్టే సమయం డాక్టర్ ఆర్డర్‌లో కనపడదు. ఆ పని చేసిన సిస్టర్ నోట్స్‌లో కనపడుతుంది. కాబట్టి చుక్క మొదలైన టైముకి నర్సింగ్ నోట్సే ఆధారం. ఈ ఒక్క విషయంలో డాక్టర్ల రాత కన్నా సిస్టర్ల రాతనే నమ్ముతాను. డాక్టర్లకి కోపం వచ్చినా సరే.

ఎవరు లెక్కలోకి వస్తారు?

రిజిస్టరులో "పాముకాటు" అని ఉన్న పేర్లన్నీ ఏరుకుంటే సరిపోతుందనుకుంటాం. సరిపోదు. కట్లపాము రాత్రిపూట, నేల మీద పడుకున్నవాళ్లని కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనపడకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ వస్తారు. కాసేపటికి కనురెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది. అలాంటి మనిషి రిజిస్టరులోకి "కడుపునొప్పి" గానో "కళ్లు తిరగడం" గానో ఎక్కుతాడు. ఇంకొందరు "ఏదో కుట్టింది", "తెలియని కాటు" అనే మాటల కింద ఉంటారు. ఆలస్యం ఎక్కువ జరిగేది సరిగ్గా ఈ మనుషులకే. "పాముకాటు" అన్న మాట మీదే ఆధారపడితే వాళ్లందర్నీ పోగొట్టుకుంటాం.

అందుకే లెక్క మొదలుపెట్టేముందు ఎవరిని తీసుకుంటామో, ఎవరిని తీసుకోమో అందరికీ ఒకేలా అర్థమయ్యేలా రాసుకోవాలి. 2020 డిసెంబరులో ఏలూరులో జరిగింది మనందరికీ గుర్తుంది. మూర్ఛలు, కళ్లు తిరగడం, వాంతులు అంటూ కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా జనం ఆసుపత్రికి వచ్చారు. తర్వాత ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి, పురుగుమందుల మీదకి కూడా అనుమానం వెళ్లింది. అదంతా తర్వాతి మాట. మొదటి రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ల ఎదుట నిలిచే ప్రశ్న వేరు. ఈ వింత జబ్బు మనిషి అని ఎవర్ని రాయాలి? మూర్ఛ వచ్చినవాళ్లనే రాస్తే కళ్లు తిరిగి పడిపోయినవాళ్లు తప్పిపోతారు. కళ్లు తిరిగిన ప్రతి మనిషినీ రాస్తే, పక్కింటాయన్ని చూసి భయంతో వచ్చినవాళ్లు కూడా లెక్కలో చేరతారు. గీత ఎక్కడ గీసినా కొంత పోతుంది. గీత ఎక్కడ గీశామో చెప్పకపోతే మొత్తం లెక్కే పోతుంది.

మన పాముకాటుకి నేను మూడు మెట్లు పెట్టుకున్నాను. పామునో గాటునో చూసి, ఒంట్లో విషం లక్షణాలు కూడా ఉన్నవాళ్లు ఒక మెట్టు. ఏం కరిచిందో తెలియదు గానీ రెప్పలు వాలడమో, చిగుళ్లలోంచి రక్తమో, 20 నిమిషాల రక్తపరీక్షలో గడ్డకట్టకపోవడమో ఉన్నవాళ్లు రెండో మెట్టు. కాటు ఖాయమే కానీ విషం లక్షణాలేవీ లేనివాళ్లు మూడో మెట్టు. మూడో మెట్టువాళ్లకి ఏఎస్‌వీ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. కాబట్టి మన టైము లెక్కలో వాళ్లుండరు. కానీ ఎంతమంది ఉన్నారో మాత్రం రాస్తాం.

ఆ రక్తపరీక్ష గురించి రెండు మాటలు. శుభ్రమైన, పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల తాజా రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒకసారి వంచి చూస్తాం. ప్లాస్టిక్ గొట్టమైనా, సబ్బుతో కడిగిన గొట్టమైనా ఫలితం తప్పొస్తుంది. మన లెక్కకి ఇక్కడొక చిక్కుంది. రక్తపింజర కాటుకి చాలాసార్లు ఈ పరీక్ష అయ్యాకే ఏఎస్‌వీ మొదలుపెడతాం. అంటే వాళ్లకి 20 నిమిషాల లోపు మందు పడే వీలే లేదు. తాచుపాము కాటుకి రెప్పలు వాలుతుంటే పరీక్ష కోసం ఆగం. ఈ రెండు గుంపుల్నీ కలిపి ఒక అంకె చెబితే దానికి అర్థం ఉండదు. రెండింటికీ వేరే పేజీ పెట్టండి.

కాటు పడిన వేళ

మన ప్రశ్న గుమ్మం దగ్గర మొదలవుతుంది కదా, కాటు ఎప్పుడు పడిందో ఎందుకని మీరు అడగొచ్చు. ఒక్క గడి వైద్యాన్ని ఎలా మార్చిందో చూడండి. 2010లో వెలువడ్డ క్రాష్-2 అనే పరిశోధనలో 40 దేశాల ఆసుపత్రులు పాల్గొన్నాయి, మన దేశం కూడా అందులో ఉంది. గాయాలతో రక్తం కారుతున్న 20 వేల మందికి పైగా మనుషుల్లో సగం మందికి రక్తస్రావాన్ని తగ్గించే ట్రనెక్సామిక్ ఆసిడ్, సగం మందికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. మొత్తం మీద చావులు 16 శాతం నుంచి 14.5 శాతానికి తగ్గాయి. మందు మంచిదే అని అక్కడితో ఆగిపోవచ్చు. కానీ దెబ్బ తగిలిన ఎంతసేపటికి మందు పడిందో ఆ కాగితాల్లో ఒక గడి ఉంది. దాని ప్రకారం విడదీసి చూస్తే, మొదటి గంటలో మందు పడినవాళ్లలో రక్తస్రావం చావులు 7.7 శాతానికి బదులు 5.3 శాతం. మూడు గంటలు దాటాక మందు పడినవాళ్లలో 3.1 శాతానికి బదులు 4.4 శాతం. ఆలస్యంగా ఇస్తే అదే మందు కీడు చేసేలా ఉంది. ఇవాళ మూడు గంటల లోపు అని మనం వల్లించే నియమం ఆ గడిలోంచే వచ్చింది. రావులపాలెం హైవే మీద యాక్సిడెంట్ అయిన మనిషికి ఆ ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అని మీరు తేల్చుకునేటప్పుడు చూసేది ఆ గడినే.

అయితే మన గోదావరి డెల్టాలో కాటు టైము అడిగితే గడియారం చెప్పేవాళ్లు తక్కువ. "దీపాలెట్టే వేళండి." "ఊడ్పు నుంచొచ్చి కాళ్లు కడుక్కుంటుంటేనండి." "నిద్దట్లో ఎప్పుడో తెలవదండి." కేస్‌షీట్లో మాత్రం శుభ్రంగా సాయంత్రం 7.00 అని ఉంటుంది. దీపాలు పెట్టే వేళని మధ్యలో ఎవరో ఏడు గంటలు చేసేశారు. డిసెంబరులో మనకి ఐదున్నరకే పొద్దు కుంకుతుంది, జూన్‌లో ఆరున్నర దాటాలి. ఒకే మాటకి ఒకే అంకె వేస్తే రుతువుని బట్టి గంట తేడా వచ్చేస్తుంది.

అందుకని టైము అడగకండి, గుర్తు అడగండి. అప్పటికి ఆఖరి పంటు (ఏరు దాటించే పడవ) వెళ్లిపోయిందా? కరెంటు ఉందా? టీవీలో ఏం వస్తోంది? అన్నిటికంటే గట్టిది ఫోను. పాము కరిచిన ఇంట్లో మొదటి పది నిమిషాల్లో ఎవరో ఒకరు ఎవరికో ఒకరికి ఫోన్ చేసి తీరతారు. "ఒకసారి ఆ ఫోన్ చూపించండి బాబాయ్" అంటే కాల్ లిస్టులో నిమిషంతో సహా ఉంటుంది. ఇంత చవకైన, ఇంత నమ్మకమైన పరికరం మన వార్డులో ఇంకోటి లేదు.

ఇంకో తనిఖీ చెబుతాను, సరదాగా ఉంటుంది. గంటలో 60 నిమిషాలుంటే, 0తో గానీ 5తో గానీ ముగిసేవి 12. అంటే నిజాయితీగా చూసి రాసిన టైముల్లో సుమారు అయిదో వంతే అలా ముగియాలి. మీ కేస్‌షీట్లలో టైములు వరసగా రాసి చూడండి. 8.00, 8.30, 9.15 లాంటివే సగానికి పైగా ఉంటే, వాటిని గడియారం చూసి రాయలేదు, డ్యూటీ అయ్యాక తలుచుకుని రాశారు. ఎవర్నీ తిట్టకండి. రాత్రి రెండింటికి ఒక్క సిస్టర్ ఆరుగుర్ని చూసుకుంటుంటే అంతకన్నా ఎలా రాస్తుంది? కానీ అలాంటి టైములతో కట్టిన లెక్కని "27.4 నిమిషాలు" అంటూ దశాంశాలతో చెప్పకండి.

దారిలో ఎక్కడైనా మంత్రం వేయించారా, పసరు తాగించారా అని అడిగితే చాలామంది లేదనే అంటారు. తిడతామని భయం. "దారిలో ఎక్కడెక్కడ ఆగారండీ?" అని అడిగితే అన్నీ వరసగా చెబుతారు. లంక గ్రామాలవాళ్లకి ఇంకో గడి కావాలి. ఆగస్టు వరదల్లో పడవ మీద గట్టుకి చేరిన టైము అది. నీళ్లలో గడిచింది ఎంత, రోడ్డు మీద గడిచింది ఎంత అన్నది విడిగా తెలియకపోతే, రేపు ఎవరైనా మందు లంకల్లోనే ఉంచాలా, పడవలు పెంచాలా అని అడిగితే మన దగ్గర జవాబు ఉండదు.

ఖాళీ గడి నాలుగు రకాలు

ఇక అసలు సంగతి. మొదటి పాతిక కేస్‌షీట్లు దించేసరికి మీ నోటు పుస్తకంలో చాలా గడులు ఖాళీగా ఉంటాయి. కొత్తవాళ్లు చేసే మొదటి పని, ఖాళీ ఉన్న వరసల్ని వదిలేసి పూర్తిగా నిండినవాటితో లెక్క కట్టడం. ఎమర్జెన్సీ వార్డులో ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన అలవాటు. మామూలు ఓపీలో కాగితం నిండకపోవడానికి బద్ధకం కారణం కావచ్చు. క్యాజువాలిటీలో కాగితం ఖాళీగా ఉందంటే, ఆ సమయంలో రాసే చేతులు ఇంకో పని మీద ఉన్నాయి. గొట్టం వేస్తున్నాయి, ఊపిరి అందించే అంబూ బ్యాగు నొక్కుతున్నాయి. మనిషి పరిస్థితి ఎంత విషమిస్తే కాగితం అంత ఖాళీగా ఉంటుంది.

ఖాళీని ఖాళీగా వదలకండి, పూడ్చకండి, ఎందుకు ఖాళీయో రాయండి. నేను నాలుగు మాటలు వాడతాను. "రాయలేదు" అంటే పని జరిగింది, టైము ఎవరూ రాయలేదు. "జరగలేదు" అంటే మందు పడేలోపే మనిషి పోయాడు. "వర్తించదు" అంటే అతనికి ఆ మందే అవసరం లేదు. "దొరకలేదు" అంటే కేస్‌షీటే కనపడలేదు, లేదా పేజీ చిరిగిపోయింది. ఈ నాలుగింటికీ బదులు 99 అని రాసే అలవాటు కొందరికి ఉంది. నా స్నేహితుడొకడు అలాగే రాసుకుని, తర్వాత మర్చిపోయి, అవన్నీ 99 నిమిషాలే అనుకుని సగటు కట్టేశాడు. వాళ్ల వార్డు జిల్లాలోనే అందరికన్నా నిదానం అని తేలింది, పాపం.

ఇప్పుడు లెక్క. అంకెలు నేను ఊహించినవే. పదిహేను మంది వచ్చారు. ఒకరు మందు పడకముందే చనిపోయారు. అది ఖాళీ గడి కాదు, "జరగలేదు". ఆ మనిషిని వేరే వాక్యంలో, స్పష్టంగా చెప్పాలి. మిగిలిన పద్నాలుగు మందిలో పదిమందికి టైము ఉంది. నిమిషాల్లో 14, 18, 20, 22, 25, 30, 35, 40, 65, 240. నలుగురికి లేదు. ముగ్గుర్ని హడావుడిగా కాకినాడ పంపేశారు, మందు ఎప్పుడు మొదలైందో రాయలేదు. ఒకరు సంతకం పెట్టి లామాగా, అంటే డాక్టర్లు వద్దన్నా వినకుండా, వెళ్లిపోయారు, నర్సింగ్ నోట్స్ పేజీ దొరకలేదు.

పదిమంది సగటు 50.9 నిమిషాలు. కానీ ఆ పదిమందిలో 50 దాటినవాళ్లు ఇద్దరే. 240 ఒక్కటీ మొత్తాన్ని లాగేసింది. అందుకే ఇలాంటి చోట సగటు కాకుండా మీడియన్ చెబుతాం. వరసగా పేర్చి మధ్యలో ఉన్నది తీసుకోవడమే. ఇక్కడ 25, 30 మధ్యలో ఉన్నాయి కాబట్టి 27.5.

మరి ఆ 240 సంగతేంటి? కొట్టేయాలని చేతులు దురదపెడతాయి. కొట్టేయకుండా కేస్‌షీట్ తిప్పండి. నాకు ఒకసారి ఇలాంటిదే ఎదురైంది. వచ్చినప్పుడు విషం లక్షణాల్లేవు, రక్తం గడ్డకట్టింది. మళ్లీ మళ్లీ పరీక్ష చేస్తూ కనిపెట్టుకుని ఉన్నారు. నాలుగో గంట దగ్గరపడుతుండగా గడ్డకట్టలేదు, వెంటనే మందు మొదలుపెట్టారు. అది ఆలస్యం కాదు, మంచి వైద్యం. తప్పు మన ప్రశ్నలోనే ఉంది. గుమ్మం దాటిన దగ్గర్నుంచి కాకుండా, మందు అవసరమని తేలిన దగ్గర్నుంచి కూడా ఒక టైము పెట్టుకోవాల్సింది. నోటు పుస్తకంలో ఆ గడి చేర్చండి. పెన్సిలు అన్నది ఇందుకే.

ఇక టైము లేని ఆ నలుగురు. వాళ్లకి ఎంత పట్టిందో మనకి తెలియదు. తెలియదని ఒప్పుకుంటూనే రెండు చివరలు చూడొచ్చు. నలుగురికీ అందరికంటే తొందరగా మందు పడిందనుకుంటే, పద్నాలుగు మంది మీడియన్ 21 నిమిషాలు. నలుగురికీ అందరికంటే ఆలస్యమైందనుకుంటే 37.5. మీరు చేతులతో పేర్చి చూసుకోండి, తేలిగ్గానే వస్తుంది. ఇప్పుడు నిజాయితీగా చెప్పగలిగే మాట ఇది: "టైము దొరికిన పదిమందిలో మీడియన్ 27.5 నిమిషాలు; దొరకని నలుగుర్ని కలుపుకుంటే అది 21కీ 37.5కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు." సూపరింటెండెంట్ గారికి ఒక్క అంకె కావాలనిపిస్తుంది. ఇవ్వకండి. అరగంట లోపు మందు పడుతోందా అన్నది ఆయన ప్రశ్న అయితే, ఆ నలుగురి వల్ల జవాబు అటో ఇటో పడొచ్చు.

పూడ్చే దారి కొంత ఉంటుంది. రిఫర్ చీటీ నకలులో "ఏఎస్‌వీ మొదలుపెట్టాం" అన్న వాక్యం పక్కన టైము ఉందేమో చూడండి. స్టోరు ఇండెంటు పుస్తకంలో వయల్స్ తీసుకున్న టైము ఉంటుంది. దొరికితే రాసుకోండి, ఎక్కడ దొరికిందో కూడా రాయండి. ఊహించి మాత్రం రాయకండి.

రెండో మనిషి

మీరు దించిందాన్ని మీరే సరిచూసుకుంటే తప్పులు కనపడవు. ఇంకొకరు, మీ పుస్తకం చూడకుండా, అవే కేస్‌షీట్లలో కొన్నింటినైనా మళ్లీ దించాలి. వీలైతే ఆ రెండో మనిషికి మనం ఏం తేలుస్తామనుకుంటున్నామో చెప్పకండి. ఎమర్జెన్సీ వైద్యంలో కేస్‌షీట్ల మీద జరిగే పరిశోధనలు ఈ జాగ్రత్తలు పాటించడం లేదని 1996లోనే గిల్బర్ట్ బృందం ఎత్తిచూపింది. ఇప్పటికీ చాలామంది పాటించరు.

ఇద్దరూ ఎంత కలిశారో చెప్పడానికి కప్పా అనే లెక్క ఉంది. 1960లో జేకబ్ కోహెన్ ఇచ్చింది. 50 కేస్‌షీట్లు చూసి "రెప్పలు వాలినట్టు రాశారా?" అన్న గడికి ఇద్దరూ అవునన్నవి 30, ఇద్దరూ కాదన్నవి 10, మిగతా పదిలో చెరో అయిదు చోట్ల తేడా వచ్చిందనుకోండి. 80 శాతం కలిశాం అని మురిసిపోవచ్చు. కానీ ఒక్కొక్కరు నూటికి డెబ్భై సార్లు అవునంటున్నప్పుడు, కళ్లు మూసుకుని రాసినా 0.7 ఇంటూ 0.7, దానికి 0.3 ఇంటూ 0.3 కలిపితే 58 శాతం కలుస్తారు. దాని పైన మీరు సంపాదించింది 22, సంపాదించగలిగేది 42. భాగిస్తే కప్పా 0.52. పర్వాలేదు గానీ, గొప్పేం కాదు. తేడా వచ్చిన పది కేస్‌షీట్లూ బల్ల మీద పెట్టుకుని ఎందుకు వచ్చిందో మాట్లాడుకోండి. మాకైతే ఒక డాక్టర్ రాత దగ్గరే సగం తేడాలు వచ్చాయి. ఆయన "లేదు" అని రాసింది కూడా "ఉంది" లాగే కనిపించేది.

అనుమతి మాట క్లుప్తంగా. పాత కాగితాలే కదా అని నేరుగా మొదలుపెట్టకూడదు. ఎథిక్స్ కమిటీ అనుమతి ముందే తీసుకోవాలి. పేర్లు తీసేసిన పాత రికార్డుల మీద జరిగే పనికి, ఒక్కొక్కరి సమ్మతి అక్కర్లేదని మినహాయింపు ఇచ్చే వీలు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో ఉంది. ఆ మినహాయింపు ఇవ్వాల్సింది కమిటీ, మీరు కాదు. నోటు పుస్తకంలో పేరు, ఊరు, ఫోన్ నంబరు రాయకండి. వరస నంబరు చాలు. ఏ నంబరు ఎవరిదో చెప్పే కాగితం వేరే బీరువాలో ఉండాలి. ఇందాక చెప్పిన ఫోన్ కాల్ లిస్టు పద్ధతి కొత్తగా వచ్చే రోగుల దగ్గర వాడేది. దానికి వాళ్లనో, వాళ్ల తాలూకు వాళ్లనో అడిగే చూడాలి. స్పృహ లేని మనిషి దగ్గర సమ్మతి ఎలా తీసుకోవాలన్నది పెద్ద విషయం, ఐదో పాఠమంతా అదే.

ఈ వారం పని: మీ ఆసుపత్రిలో పోయిన ఏడాది సార్వా ఊడ్పుల నెలల్లో వచ్చిన కాట్ల కేస్‌షీట్లు, అనుమతి వచ్చాక, ఇరవై తీయండి. "తెలియని కాటు" కేసులు ఆ ఇరవైలో తప్పకుండా ఉండాలి. రాక టైము ఎన్నిచోట్ల దొరికితే అన్నీ దించండి. ప్రతి ఖాళీ గడిలో ఆ నాలుగు మాటల్లో ఒకటి రాయండి. అదయ్యాక ఖాళీలు ఎక్కువున్న అయిదు కేస్‌షీట్లని పక్కకి తీసి, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న సిస్టర్ ఎవరో కనుక్కుని, టీ ఇప్పించి, ఆ రోజు ఏం జరిగిందో అడగండి. ఆమె చెప్పింది మీ లెక్కలోకి ఎక్కించకండి, పక్క పేజీలో రాసుకోండి. ఐదో పాఠానికి ఆ పేజీతోనే వద్దాం.